మూడు భాషల మధ్య సైకాలజీ: పర్లాకిమిడి అమ్మాయికి జవాబు

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు బీఏలో సైకాలజీ తీసుకున్నాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, క్లాసు సగం ఒడియాలో నడుస్తుంది. అర్థం కాక పాతపట్నం వెళ్లి తెలుగు డీఎస్సీ గైడు కొన్నాను. అందులో పునర్బలనం, నిబంధనం, విరమణ అని ఉంది, ఇంకా గందరగోళం అయిపోయింది. నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ అంటే శిక్షేనా? బేసిక్స్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఇంట్లో తెలుగు, బయట ఒడియా కావడం వల్లే నా బుర్ర ఇలా అయిందని మా నాన్న అంటారు, నిజమేనా? ఇంకొకటి, మా పిన్ని కొడుకు ప్లస్ టూ తప్పినప్పటి నుంచి సరిగా నిద్రపోవడం లేదు. నేను ఈ సబ్జెక్టే చదువుతున్నాను కదా, నేనే కౌన్సెలింగ్ చెయ్యొచ్చా?

జవాబు:

తల్లీ, మీ తమ్ముడి సంగతి అన్నిటికంటే కింద రాశాను. అది ముందు చదివి రా, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

నేను ఈ సరిహద్దులోనే ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. నీలాంటి పిల్లలు ఏటా ఉండేవారు. తమకి అడ్డొస్తున్నది ఇంగ్లీషేనని వాళ్ల నమ్మకం. నాకెప్పుడూ అలా అనిపించలేదు. ఫిజిక్సులో ఎంట్రోపీ అనే మాట వస్తే అది మనకి తెలియదని మనకి తెలుసు, కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకుంటాం. సైకాలజీలో అన్నీ తెలిసిన మాటలే. నేర్చుకోవడం, జ్ఞాపకం, శిక్ష, తెలివి, స్వభావం. తెలుసులే అని దాటేస్తాం. ఆ మాటకి ఇంట్లో ఒక అర్థం, శాస్త్రంలో ఇంకో అర్థం ఉంటుంది. పరీక్షలో దెబ్బ తగిలేది అక్కడే.

నువ్వడిగిన నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ దీనికి మంచి ఉదాహరణ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు నేను కూడా అది శిక్షేనని చెప్పాను. నెగటివ్ అంటే చెడ్డది, చెడ్డది అంటే తిట్టో దెబ్బో అనుకున్నాను. వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రాడు లేచి, 'శిక్షే అయితే దానికి రెండు పేర్లెందుకు సార్' అని అడిగాడు. కూర్చోమన్నాను. ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీశాను. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. వారం పట్టింది.

అసలు సంగతి ఇది. పాజిటివ్, నెగటివ్ అన్నవి ఇక్కడ మంచీ చెడూ కావు. లెక్కల్లో కూడిక, తీసివేత లాంటివి. నీ గైడులో ధనాత్మక, రుణాత్మక అని ఉంది చూడు, ఈ ఒక్కచోట తెలుగు మాటే నయం. ఒక పని చేశాక ఏదో ఒకటి వచ్చి చేరితే ధనం, ఉన్నది తొలగిపోతే రుణం. ఇక పునర్బలనం అంటే ఆ పని ముందు ముందు పెరగడం. దండన అంటే తగ్గడం. రెండు ప్రశ్నలు వేసుకో: వచ్చిందా, పోయిందా? ఆ పని పెరిగిందా, తగ్గిందా? అంతే. సాయంత్రం దోమలు కుడుతున్నాయి, బత్తి వెలిగించావు, దోమలు పోయాయి. రేపు చీకటి పడకముందే వెలిగిస్తావు. బాధ పోయింది, పని పెరిగింది. అదే రుణాత్మక పునర్బలనం. ఇందులో శిక్ష ఎక్కడుంది?

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడ వెళ్లే లైను తెలుసుగా. ఒకసారి ఆ బండిలో నా ఎదుట సీట్లో ఒక మామ్మ, ఆవిడ మనవడు కూర్చున్నారు. వాడికి నాలుగేళ్లుంటాయేమో. కాశీనగరం దాటాక ఫోన్ కావాలని మొదలుపెట్టాడు. మామ్మ వద్దంది. వాడు రాగం తీశాడు. మళ్లీ వద్దంది. ఈసారి కాళ్లు తన్నుకుంటూ ఏడ్చాడు, పక్కవాళ్లు తిరిగి చూశారు. మామ్మ కొంగు ముడి విప్పి ఫోన్ తీసి వాడి చేతిలో పెట్టింది. ఏడుపు టక్కున ఆగింది. ఆవిడ 'హమ్మయ్య' అని కిటికీకి ఆనుకుంది.

ఇక్కడ ఎవరు ఏం నేర్చుకున్నారు? మనవడి సంగతి అందరూ చెబుతారు. ఏడ్చాడు, ఫోన్ వచ్చింది, రేపూ ఏడుస్తాడు. ధనాత్మక పునర్బలనం. మా క్లాసు పిల్లలు ఎప్పుడూ వదిలేసేది మామ్మని. ఆవిడ ఫోన్ ఇచ్చింది, చెవులు చిల్లులు పడే గోల పోయింది, రేపూ ఇస్తుంది, ఇంకా తొందరగా ఇస్తుంది. ఆవిడకి జరిగింది రుణాత్మక పునర్బలనం. మామ్మ మనవణ్ని పెంచుతోందని మనం అనుకుంటాం గానీ, ఆ అరగంటలో మనవడు కూడా మామ్మకి శిక్షణ ఇచ్చాడు. పైగా రెండుసార్లు వద్దని మూడోసారి ఇచ్చింది చూశావా, అది ఇంకా ముదురు. ఎన్నోసారికి దొరుకుతుందో తెలియనప్పుడు ఆ అలవాటు త్వరగా వదలదని అమెరికన్ సైకాలజిస్టు స్కిన్నర్ పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. లాటరీ టికెట్టు కొనేవాడి జబ్బూ అదే.

ఇంకొక మెలిక ఉంది. దండన అవునో కాదో ఇచ్చేవాడి ఉద్దేశాన్ని బట్టి తేలదు, ఫలితాన్ని బట్టి తేలుతుంది. అల్లరి చేసిన కుర్రాణ్ని మాస్టారు నిలబెట్టి తిడతారు, క్లాసంతా నవ్వుతుంది, వాడు హీరో అయిపోతాడు, మర్నాడు ఇంకా అల్లరి చేస్తాడు. మాస్టారి లెక్కలో అది శిక్ష. సైకాలజీ లెక్కలో పునర్బలనం. నాలుగు గళ్లు గీసి ఉదాహరణలు నింపమని అడిగే ప్రశ్న ప్రతి పేపర్లోనూ ఏదో రూపంలో వస్తుంది. గైడులో ఉన్నవి బట్టీ పట్టకు, మీ ఇంట్లోవి నాలుగు వెతుక్కో.

నిబంధనం సంగతి. నిబంధనం అంటే కండిషనింగ్, అనుభవంతో ఒకటి ఇంకోదానితో ముడిపడడం. గైడులో శాస్త్రీయ నిబంధనం అని ఉన్నది రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్‌ది, కార్యసాధక నిబంధనం అన్నది స్కిన్నర్‌ది. శాస్త్రీయ అన్న మాట చూసి రెండోది అశాస్త్రీయమా అని ఒకమ్మాయి నన్ను అడిగింది. క్లాసికల్ అన్న దాన్ని అలా తెలుగు చేశారు, ముందు వచ్చినది అన్నంత వరకే అర్థం. పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది కుక్కల జీర్ణక్రియ మీద చేసిన పనికి. అన్నం పెట్టకముందే, పెట్టే మనిషిని చూడగానే లాలాజలం కారడం ఆయనకి మొదట్లో ప్రయోగం పాడుచేసే తలనొప్పి. తర్వాత అదే ఆయన పరిశోధన అయింది.

గంట కొట్టి అన్నం పెడుతూ పోతే చివరికి ఒట్టి గంటకే కుక్కకి లాలాజలం కారడం నువ్వు చదివే ఉంటావు. నా పనస పండు కథ చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, ఆర్.ఉదయగిరి వైపు ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లాను. ఆ కొండల్లో పనసకి లోటు లేదు. తొనలు కడుపు పట్టినన్ని తిన్నాను. ఆ రాత్రే చలిజ్వరం, వాంతులు. పర్లాకిమిడి వచ్చి రక్తం పరీక్ష చేయిస్తే మలేరియా. గజపతి జిల్లాలో అదేం వింత కాదు. పనసకీ ఆ వాంతులకీ ఏ సంబంధమూ లేదని నాకు ఆ రోజే తెలుసు. రిపోర్టు చేతిలో ఉంది. అయినా ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా పనస పండు కోస్తే నా కడుపులో తిప్పుతుంది. మా ఆవిడ పెరట్లో కూర్చుని తింటుంది పాపం.

దీన్ని శాస్త్రం మాటల్లో పెట్టి చూడు. మలేరియా తెచ్చిన వికారం ఎవరూ నేర్పక్కర్లేనిది, సహజ ఉద్దీపనకి (స్టిములస్) సహజ ప్రతిస్పందన (రెస్పాన్స్). పనస వాసన అంతకుముందు నాకు వికారం కలిగించేది కాదు, ఇప్పుడు నిబంధిత ఉద్దీపన. కడుపులో తిప్పడం నిబంధిత ప్రతిస్పందన. తెలివితో తెలిసినది కడుపుకి ఎక్కలేదు చూశావా, నిబంధనం తర్కం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇందులో మామూలు సూత్రానికి కుదరనిది కూడా ఒకటుంది. గంట మోగాక అన్నం వెంటనే రావాలి, ఆలస్యమైతే ముడి పడదని చదువుతాం. నాకు తినడానికీ వాంతికీ మధ్య గంటలు గడిచాయి, అదీ ఒక్కసారికే. జాన్ గార్సియా, రాబర్ట్ కోలింగ్ అనేవాళ్లు 1966లో ఎలుకలకి తియ్యటి నీళ్లు పెట్టారు. అవి తాగుతున్నప్పుడు లైటు, టిక్కుమనే శబ్దం వచ్చేలా చేశారు. తర్వాత కడుపులో వికారం పుట్టించిన ఎలుకలు తియ్యటి రుచిని వదిలేశాయి, కరెంటు షాకు తిన్నవి లైటూ శబ్దమూ ఉన్న నీళ్లకి భయపడ్డాయి. అంటే ఏదైనా దేనితోనైనా ముడిపడిపోదు. కడుపు నొప్పికి తిండినే అనుమానించేలా ప్రాణులు తయారై ఉన్నాయి. పావ్లోవ్ గంట ఒక్కటే చదివితే ఈ సంగతి తప్పిపోతుంది.

విరమణ అంటే ముడి విడిపోవడం. గంట మోగుతూ ఉంది, అన్నం రాదు, కొన్నాళ్లకి లాలాజలం ఆగుతుంది. చెరిగిపోయిందని అనుకోకు. కొన్ని రోజులు విరామం ఇచ్చి గంట కొడితే మళ్లీ కొంచెం వస్తుంది. నీ గైడు దీన్నే అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటుంది. ఆ మాట కనిపెట్టినాయనకి దండం పెట్టి, 'దానంతట అది తిరిగి రావడం' అని పక్కన పెన్సిలుతో రాసుకో.

భాష మాటొచ్చింది కాబట్టి సంవేదన, ప్రత్యక్షం మధ్య తేడా మన ఊరి భాషలతోనే చెబుతాను. చెవిన పడింది సంవేదన. అది ఏమిటని మెదడు పోల్చుకుందో అది ప్రత్యక్షం. మా పెద్దత్త బరంపురం పక్కన అరవై ఏళ్లు కాపురం చేసింది. ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ ఇంటిని 'ఘర' అనదు, 'గర' అంటుంది. తేడా ఉందంటే ఒప్పుకోదు. 'రెండూ ఒకటే కదరా' అంటుంది. ఆవిడ చెవికి లోపం లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఆ తేడాతో పని పడలేదు, మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. ఇది వట్టి ఊహ కాదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఇంగ్లీషు ఇళ్ల పసిపిల్లల మీద చూశారు. హిందీలో త, ట తేడాని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు పసిగట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వాళ్లలో ఆ నేర్పు చాలావరకు పోయింది. పుట్టుకతో ఉన్నది వాడకపోతే పోతుంది. నువ్వు రెండు భాషల మధ్య పెరిగావు కాబట్టి 'ఘర'ని సరిగా అంటావు, ఆ మేరకి నీకే లాభం.

మీ నాన్నగారి మాటకి వస్తాను. ఆయన ఒక్కరే అన్న మాట కాదది. ఒకప్పుడు పరిశోధకులే అలా రాశారు. రెండు భాషల పిల్లలకి పరీక్షలు పెడితే తక్కువ మార్కులు వచ్చేవి. కానీ ఆ పిల్లలు ఎవరు? చాలామంది వలస వచ్చిన పేద కుటుంబాల వాళ్లు. తక్కువ మార్కులు భాష వల్లనా, పేదరికం వల్లనా? రెండూ కలిసి వచ్చినప్పుడు ఒకదాని మీద నింద వెయ్యడానికి లేదు. ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లల్ని తీసుకుని, ఆర్థిక స్థితి సమంగా ఉండేలా చూసి పోల్చారు. 1962లో ఫలితాలు వచ్చాయి. ఈసారి రెండు భాషల పిల్లలే ముందున్నారు.

ఇక్కడితో ఆగితే మనకి సంబరం. ఆగకూడదు. వాళ్లు ఎంచుకున్నది రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లల్ని. తెలివైన పిల్లలకే రెండో భాష అంత బాగా వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు? ఆ ఎంపిక మీద విమర్శ వచ్చింది. రెండు భాషల వల్ల బుర్ర పదునెక్కుతుందన్న మాట మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది, పెద్ద పెద్ద అధ్యయనాలు కొన్నింట్లో ఆ లాభం కనబడలేదు. రెండు భాషల వల్ల బుర్ర చెడుతుందన్న మాట మాత్రం నిలబడలేదని నాన్నగారికి ధైర్యంగా చెప్పు. సహసంబంధం (రెండు కలిసి రావడం), కార్యకారణం (ఒకటి ఇంకోదానికి కారణం కావడం) వేరన్న పాఠం నీ పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉంటుంది, అందరూ తిప్పేసే పేజీ అది. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కణ్నుంచే.

దానికి తోడు ఇంకో చిన్న అలవాటు చేసుకో. ఎవరైనా కారణం చెబితే, అది నిజంగా కారణమా, పేరు మాత్రమేనా అని చూడు. 'వాడు ఎందుకు చదవడు?' 'బద్ధకం.' 'బద్ధకమని ఎలా తెలిసింది?' 'చదవడు కదా!' ఇందులో ఎవరికీ కొత్తగా తెలిసింది ఏమీ లేదు. చూసిన దానికి ఒక పేరు తగిలించి, ఆ పేరునే కారణం అన్నారు. మూర్తిమత్వం (పర్సనాలిటీ) అధ్యాయం చదివేటప్పుడు ఇది చాలా పనికొస్తుంది. ఫ్రాయిడ్‌కి పుస్తకాలు ఇచ్చే పేజీలు నా లెక్కలో ఎక్కువ, కానీ పరీక్షలో అడుగుతారు, చదవక తప్పదు. 1879 లైప్‌జిగ్, వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాల. 1905 పారిస్, బినే ప్రజ్ఞా పరీక్ష. ఇవి బిట్లు, బస్సులో చదువుకో చాలు.

జ్ఞాపకం దగ్గర మాత్రం కాస్త కూర్చోవాలి, నీ చదువుకే పనికొస్తుంది. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లో అచ్చు వేశాడు. అర్థం లేని అక్షరాల కూర్పులు బట్టీ పట్టి ఎంతసేపటికి ఎంత పోయిందో లెక్క కట్టాడు. మొదట్లో గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఇక 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగం చూడు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్లు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో వాళ్లని దాటేశారు. మళ్లీ చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది, ఆ వచ్చేసినట్టు ఉండడమే మోసం. మూసి రాయి. ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయి, తర్వాత ఇంగ్లీషు మాటలు పెట్టుకో.

స్వల్పకాలిక స్మృతిలో ఏడుకి రెండు అటూ ఇటూ పడతాయని జార్జి మిల్లర్ 1956లో రాసిన వ్యాసం గైడులో ఉండే ఉంటుంది. అంకెలు ఎన్ని గుర్తుంటాయన్నది భాషని బట్టి కూడా మారుతుంది. వెల్ష్ భాషలో అంకెల పేర్లు పలకడానికి ఇంగ్లీషు కంటే ఎక్కువ సేపు పడుతుంది, అందుకే ఆ భాషలో తక్కువ అంకెలు గుర్తుంటున్నాయని 1980లో ఎల్లిస్, హెనెలీ చూపించారు. నువ్వు ఫోన్ నంబరు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి మనసులో అనుకుని చూడు. మంచి ప్రాజెక్టు అవుతుంది, ఖర్చూ ఉండదు.

జ్ఞాపకం ఫొటో లాంటిది కాదని చెప్పే ప్రయోగం కూడా మాటల మీదే నడిచింది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, ఎంత వేగంతో వెళుతున్నాయని అడిగారు. కొందరిని 'తగిలినప్పుడు' అని, ఇంకొందరిని 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అని. వారం తర్వాత 'పగిలిన గాజు చూశారా' అంటే, మొదటి జట్టులో 50 మందిలో 7గురు, రెండో జట్టులో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో గాజు ముక్క ఒక్కటి కూడా లేదు. మన వీధి తగాదాల్లో సాక్షులు చెప్పేది వింటున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

తెలుగులో చదివితే చిన్నతనమేమో అని అనుకోకు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనులతో మాట్లాడి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. జనం మాట్లాడే తెలుగులో పాఠాలు ఉండాలని పోట్లాడారు. పునర్బలనం అన్న మాట ఆయన చెవిన పడితే ఏమనేవారో!

ఇక మీ తమ్ముడు. నువ్వు కౌన్సెలింగ్ చెయ్యొద్దు తల్లీ. ఫస్టియర్ సైకాలజీ వైద్యం నేర్పదు, నిద్ర ఎలా వస్తుందో చెబుతుంది గానీ ఎందుకు రావట్లేదో తేల్చదు. నువ్వు అక్కవి, అక్కగా చెయ్యగలిగింది ఉంది. పక్కన కూర్చుని, 'రాత్రి ఎన్ని గంటలకి పడుకుంటున్నావు, పడుకున్నాక ఏం ఆలోచనలు వస్తున్నాయి' అని అడుగు. ధైర్యం చెప్పేయాలని తొందరపడకుండా విను. 'పరీక్షే కదా' అనకు. చనిపోవాలని అనిపిస్తోందా అని కూడా నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని పెద్దలు భయపడతారు, అలా పుట్టదు. అవునంటే వాణ్ని ఒంటరిగా వదలకు, మీ పిన్నికి అప్పుడే చెప్పు. రహస్యంగా ఉంచమని వాడు బతిమాలినా సరే.

టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రి పగలు పనిచేస్తుంది. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు, వాడికి ఏది సులువైతే అది. వాడు చెయ్యనంటే ముందు నువ్వే చేసి ఏం చెయ్యాలో అడుగు. నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటి, తిండీ మాటా కూడా తగ్గితే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. పిచ్చాసుపత్రి అంటారని మీ పిన్ని వెనకాడితే, నిద్ర డాక్టరు దగ్గరికని చెప్పు. అబద్ధం కూడా కాదు.